సర్కారు తుమ్మ

మెట్ట నేలల్లో విచ్చలవిడిగా వ్యాపించే ముళ్ల చెట్టు. దీన్ని సీమ తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ, ముళ్ల కంప అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ప్రొసోపిస్ జూలిఫ్లోరా. 2022లో జరిగిన పునర్వర్గీకరణలో ఇది నెల్టూమా అనే ప్రజాతిలోకి మారింది. అంతవరకు ఇదే ప్రజాతిలో ఉన్న మన జమ్మి మాత్రం ప్రొసోపిస్‌గానే మిగిలింది. జమ్మి కింద పైరు పండుతుంది, దీని నీడన గడ్డి కూడా సరిగా మొలవదు. సర్కారు తుమ్మ పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం.

భారతదేశంలో దీని తొలి చిరునామా కడప జిల్లా కమలాపురం. మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర మండల అటవీ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ బెడ్డోమ్, కరువు నేలల్లోనూ వంటచెరకు ఇచ్చే చెట్టు కావాలని 1876లో విత్తనాలు అడిగాడు. జమైకా నుంచి వచ్చిన గింజలను మరుసటి ఏడాది కమలాపురంలో నాటారు. దక్షిణాది పాములు, కప్పలు, చెట్ల గురించి లోతుగా రాసిన మనిషి బెడ్డోమ్. ఇంతటి ప్రకృతి పరిశీలకుడి చేతి మీదుగానే ఈ చెట్టు దేశంలో అడుగుపెట్టింది. అప్పట్లో చూసింది ఒక్కటే: ఎండకు తట్టుకుంటుందా, లేదా అని. తట్టుకున్నాక ఎక్కడ ఆగుతుందన్నది ఎవరికీ పట్టలేదు.

1940లో జోధ్‌పుర్ సంస్థానం దీన్ని రాజవృక్షంగా ప్రకటించి, ప్రజలు కాపాడాలని ఆదేశించింది. గుజరాత్‌లో కచ్ ఉప్పు ఎడారి ముందుకు జరగకుండా అడ్డుకట్టగా, 1961 నుంచి అటవీ శాఖ బన్నీ గడ్డిభూముల్లో సుమారు 31,550 హెక్టార్లలో నాటింది. ఉప్పును అది ఎంతవరకు ఆపిందో గానీ, గడ్డిని మాత్రం మింగేసింది. అక్కడి మాల్ధారీ పశుపోషకులు దాన్ని 'గాండో బావళ్' అంటారు, అంటే పిచ్చి తుమ్మ. కాయలు ఎక్కువ తిన్న కాంక్రేజ్ ఆవులకు అరగక జబ్బు చేసేది. గేదెలు తట్టుకోగలగడంతో చాలామంది ఆవులు తగ్గించి గేదెల మందలు పెంచారు. ఒక చెట్టు మందల స్వరూపాన్నే మార్చేసిందన్నమాట.

వ్యాప్తికి అసలు రహస్యం తియ్యటి కాయలో ఉంది. మేకలు, గొర్రెలు, పశువులు, కృష్ణజింకలు, అడవి గాడిదలు ఇష్టంగా తింటాయి. గట్టి పెంకు గల గింజ కడుపులో మెత్తబడి, పేడతో, పెంటికలతో కొత్త చోట పడుతుంది. వాగు నీళ్లకూ కాయలు కొట్టుకుపోతాయి. మొలవని గింజ నేలలో ఏళ్లపాటు కాచుకుని ఉంటుంది. చెరువు శిఖం, పొరంబోకు, బీడు, రైలు కట్ట వంటి అజమాయిషీ లేని నేల ఏదైనా దీనికి సరిపోతుంది. నేలకు నత్రజని అందించే గుణం దీనికి ఉన్నా, దట్టంగా అల్లుకున్న చోట దాని మేలు పొందడానికి వేరే మొక్క మిగలదు. తల్లివేరు నీటిని వెతుక్కుంటూ చాలా లోతుకు పోతుంది. అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో ఈ ప్రజాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది.

అలాగని దీని మేలు కొట్టిపారేయదగ్గది కాదు. పొయ్యిలోకి కట్టె, చేనుకు కంచె, బట్టీకి బొగ్గు, తేనెటీగలకు పూలు ఇచ్చేది ఇదే. భూమి లేని ఎన్నో కుటుంబాలు కంప కొట్టి, బొగ్గు కాల్చి బతికాయి. నిర్మూలన మాట ఎత్తిన ప్రతిసారీ వీళ్ల కూలి సంగతి చివర్లోనే గుర్తొస్తుంది. బొగ్గు కోసమైనా కొడుతున్నారు కదా, తగ్గుతుందిలే అనుకోవడమూ పొరపాటే. నేల మట్టానికి నరికితే, మోడు కింది మొగ్గల నుంచి నాలుగైదు పిలకలు లేస్తాయి. ఒంటి మాను చెట్టు ముళ్ల పొద అవుతుంది.

కెన్యాలో 1980ల్లో వంటచెరకు పథకం కింద నాటిన చెట్లు బరింగో సరస్సు పరిసరాలను కమ్మేశాయి. తియ్యటి కాయలు నమిలి పళ్లు ఊడిన మేకను, అక్కడి ఇల్చామస్ పశుపోషకులు 2006లో సాక్ష్యంగా కోర్టుకే తీసుకెళ్లారు. 2008లో ప్రభుత్వం దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది. మన దగ్గర మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2017లో తొలగింపుకు ఆదేశాలిచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 2022లో ఇలాంటి మొక్కలపై ప్రత్యేక విధానం తెచ్చింది.

పురుగులతో అదుపు చేయడంలో రెండు దేశాల అనుభవం వేరువేరు. కాయలు పశువుల మేతగా పనికొస్తాయని దక్షిణాఫ్రికా 1987లో గింజలు తినే పురుగులను మాత్రమే వదిలింది. పురుగుకన్నా ముందే పశువులు కాయలు తినేయడంతో ఫలితం అంతంతమాత్రం. ఆస్ట్రేలియా 1998లో అర్జెంటీనా నుంచి ఆకులు చుట్టి తినే చిన్న చిమ్మెటను తెచ్చి వదిలింది. పిల్బరా ప్రాంతంలో చెట్లు ఆకులు రాల్చి, ఎదుగుదల తగ్గి, కాపు పడిపోయింది.

పురుగులు లేని చోట మిగిలేది మనిషి శ్రమే. మోడును మొగ్గల పట్టు దాటేలా నేలకు ఒక అడుగు లోతున కోయాలి, లేదా యంత్రంతో వేరుతో సహా పెకలించాలి. పైపైన నరికితే, కోసిన వెంటనే మోడుకు కలుపు మందు పూయాలి. వ్యాప్తిని ఆపడానికి ఇథియోపియాలోని అఫార్‌లో కాయలను పిండి పట్టి దాణాగా వాడే పద్ధతి ఉంది. గింజ నలిగిపోతుంది కాబట్టి పేడలో మొలవదు. ఖాళీ చేసిన నేలలో మొదటి వానలకే స్థానిక గడ్డి విత్తనం చల్లాలి, రెండు మూడేళ్లపాటు కొత్త మొలకలను పీకుతూ ఉండాలి. తొలగింపు గుత్తేదారు ఒప్పందం సాధారణంగా చెట్టు పడగొట్టడంతోనే ముగుస్తుంది. మొలకలు పీకే ఖర్చు అందులో ఉండదు.