వేగపు రైలు – పాలమూరు ప్రయాణికుడు

రైలు వేగముగా పోయినంత మాత్రమున జనమెక్కుదురా? మన ప్రాంతపు చరిత్రయే దీనికి కొంత జవాబు చెప్పుచున్నది.

సికిందరాబాదు–వాడి మార్గము 1874లో తాండూరు మీదుగా పడినది. తరువాత మహబూబ్‌నగరు మీదుగా మీటరుగేజి వచ్చినది. రెంటి నడుమ కోస్గి పట్టాలకు దూరముగనే మిగిలినది. 1932లో నిజాము రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. స్టేషనును ఊరితో కలుపనిదే ప్రయాణికుడు దక్కడని దీనివలన మనము గ్రహింపవచ్చును.

జపానులో 1964లో టోక్యో–ఒసాకా వేగపు రైలు ఆరున్నర గంటల ప్రయాణమును నాలుగు గంటలకు దించినది. అది నిండుటకు కారణము వేగమొక్కటే కాదు. ఆ నగరముల నడుమ పాత మార్గము అప్పటికే క్రిక్కిరిసి యుండెను.

2023 సెప్టెంబరు 24న మహబూబ్‌నగరు మీదుగా కాచిగూడ–యశ్వంతపూరు వందేభారత్ బయలుదేరినది. వారము దినములకే, అక్టోబరు 1న, కృష్ణ మీదుగా కాచిగూడ–రాయచూరు సామాన్యపు రైలు మొదలైనది. గంట విలువ హెచ్చుగా గలవారు మొదటిదానిని కోరుదురు. పిల్లాపాపలతో, మూటాముల్లెతో ముంబయికి వలసపోవు కూలీకి మాత్రము మిగిలిన గంటలకన్న మిగిలిన రూకలే ముఖ్యము.

ముంబయి–హైదరాబాదు అతివేగ మార్గమును గూర్చిన ఆలోచన కలదు. దానికి ప్రయాణికుల లెక్క కట్టువారు టిక్కెట్టు ధర, స్టేషనుకు చేర్చు బస్సు, బండి వేళ – ఈ మూడింటిని కోస్గి బస్టాండులో నిలిచి చూడవలెనని మేము కోరుచున్నాము.