జీర్ణోద్ధరణ: పాత కెమెరా, పాత హైబ్రిడ్ కారు



మన ఆగమశాస్త్రాలలో జీర్ణోద్ధరణ అని ఒక విధి ఉన్నది. శిథిలమైన ఆలయాన్ని బాగుచేయడమని దానికి సాధారణంగా అర్థం చెప్పుకుంటాం. అది సగం అర్థం మాత్రమే. బాగుపడేదానిని బాగుచేయడం ఒక పార్శ్వం. ఇక బాగుపడదని తేలినదానిని, అది పూజలందుకున్న విగ్రహమే అయినా, విధిపూర్వకంగా తొలగించి లోతైన నీటిలో నిమజ్జనం చేయడం రెండవ పార్శ్వం. పాతదానిని చేపట్టినవాడు ఈ రెండు బాధ్యతలనూ చేపట్టినట్లే.

తెలుగు పండితుడికి కెమెరాలతో, కార్లతో పనేమిటని మీకు అనిపించవచ్చు. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్న సామెతను తరగతి గదిలో ఏళ్ల తరబడి వివరించినవాణ్ణి. పింఛను రోజుల్లో పాత కెమెరాలు పట్టుకోవడం మొదలుపెట్టాక, ఆ రోతలో ఎంత చరిత్ర దాగి ఉన్నదో తెలిసివచ్చింది. విదేశంలో ఉన్న మా అబ్బాయి పాత హైబ్రిడ్ కారు కొనాలనుకుంటున్నానని చెప్పినప్పుడు ఆ చరిత్రనూ చదివాను. చదివేకొద్దీ ఈ రెండు వస్తువుల కథ ఒకటేననిపించింది. ఆ పోలికనే ఈ టపాలో మీ ముందుంచుతున్నాను.

ముందు కెమెరా సంగతి. పాత కెమెరా కొనేవాడు నిజానికి కొనేది పెట్టెను కాదు, దాని ముందున్న లోహపు వలయాన్ని. కటకాన్ని బిగించే ఆ వలయాన్నే మౌంటు అంటారు. 1959లో జపానుకు చెందిన నికాన్ సంస్థ ఎఫ్ అనే కెమెరాను విడుదల చేసినప్పుడు ఒక మౌంటును రూపొందించింది. అరవై ఏళ్లకు పైగా, 2020లో వచ్చిన డి6 వరకూ, ఆ వలయం కొలతలు మారలేదు. తాత కొన్న కటకాన్ని మనుమడు తన డిజిటల్ కెమెరాకు బిగించుకోవచ్చునన్న నమ్మకం అలా పుట్టింది.

అయితే ఆ నమ్మకంలోనూ మెలికలున్నాయి. 1977లో నికాన్ ఏఐ అనే పద్ధతిని తెచ్చింది. కటకపు రంధ్రం ఎంత తెరచి ఉన్నదో కెమెరాకు ఒక చిన్న మీట ద్వారా దానంతటదే తెలిసే ఏర్పాటది. అంతకు ముందరి కటకాన్ని ఏఐ కెమెరాకు బలవంతంగా బిగిస్తే ఆ మీట విరుగుతుంది. 1977 నాటి ఎఫ్ఎం కెమెరాలో ఆ మీటను పక్కకు మడిచే వీలున్నది. 1982లో వచ్చిన ఎఫ్ఎం2లో ఆ వీలు లేదు. 2006 నాటి డి40 అనే డిజిటల్ కెమెరాలోనైతే కటకాన్ని తిప్పే మోటారే లేదు కనుక, పాత ఆటోఫోకస్ కటకాలను దానిపై చేతితోనే తిప్పుకోవాలి. వలయం ఒకటే అయినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. అమ్మేవాడు "ఇది అన్నిటికీ పడుతుంది" అన్నప్పుడు ఈ సంవత్సరాలు మనకు తెలిసి ఉండాలి.

కానన్ సంస్థ వేరొక దారి పట్టింది. 1971లో తెచ్చిన ఎఫ్‌డి మౌంటును 1987లో ఈఓఎస్ కెమెరాలతోపాటు పూర్తిగా విడిచిపెట్టింది. ఆటోఫోకస్ యుగానికి ఆ పాత వలయం సరిపోదన్నది వారి నిర్ణయం. దానితో లక్షల కటకాలు అనాథలయ్యాయి. ఎఫ్‌డి కటకానికీ ఫిల్ముకూ మధ్య ఉండవలసిన దూరం 42 మిల్లీమీటర్లు. కొత్త ఈఎఫ్ మౌంటులో అది 44. ఈ రెండు మిల్లీమీటర్ల తేడా వల్ల, మధ్యలో మరొక అద్దం పెట్టకపోతే పాత కటకం కొత్త కెమెరాపై దూరపు వస్తువులను స్పష్టంగా పట్టలేదు. అందుకే దాదాపు ఇరవై ఏళ్లపాటు అవి కారుచౌకగా దొరికాయి.

తరువాత చరిత్ర మలుపు తిరిగింది. 2008లో పానసోనిక్ జి1తో అద్దం లేని కెమెరాలు మొదలయ్యాయి. 2010లో సోనీ తెచ్చిన ఈ మౌంటులో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగిలిన ఖాళీలో ఒక లోహపు గొట్టం అమర్చితే చాలు, ఎఫ్‌డి కటకమైనా మరొకటైనా చక్కగా కూర్చుంటుంది. తయారుచేసినవారే విడిచిపెట్టిన కటకాలకు పోటీ సంస్థల కెమెరాలు ప్రాణం పోశాయి. పాత వస్తువు విలువను దాని సొంత గుణం ఒక్కటే నిర్ణయించదని, దాని తరువాత పుట్టినవీ నిర్ణయిస్తాయని చెప్పడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక బ్యాటరీ సంగతి. 1960, 70 దశకాల కెమెరాలలో వెలుతురును కొలిచే మీటరుకు పాదరసపు బిళ్ల బ్యాటరీ వాడేవారు. అది 1.35 వోల్టులను చివరిదాకా స్థిరంగా ఇచ్చేది. అదే దాని గొప్పతనం. కాని పాదరసం ఏం చేయగలదో అదే జపాను దేశం తన ఒడిలోనే చూసింది. మినమాటా అనే తీర పట్టణంలో, ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషులలోకి చేరి నాడీమండలాన్ని ధ్వంసం చేసింది. ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించినది 1956లో. అమెరికా 1996లో చట్టం చేసి పాదరసపు బ్యాటరీల అమ్మకాన్ని ఆపింది. 2013లో దేశాలన్నీ కూడి చేసుకున్న పాదరస ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు. భారతదేశం దానిని 2018లో ఆమోదించింది.

ఫలితంగా 1972 నాటి ఒలింపస్ ఓఎం1 వంటి చక్కని కెమెరాలకు అసలైన బ్యాటరీ లేకుండా పోయింది. దాని స్థానంలో 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వెలుగున్నదని భ్రమిస్తుంది, ఫొటో నల్లబడుతుంది. పైగా ఆల్కలైన్ శక్తి వాడేకొద్దీ తగ్గుతూ పోతుంది కనుక ఆ తప్పు కూడా రోజుకొక తీరుగా ఉంటుంది. వినికిడి యంత్రాలకు వాడే జింకు గాలి బ్యాటరీ దాదాపు 1.4 వోల్టులిస్తుంది కనుక చాలామంది దానినే వాడుతున్నారు. 1964లో వచ్చిన పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌కు మాత్రం ఈ చిక్కు లేదు. వోల్టేజి కొంచెం మారినా లెక్క తప్పని వలయాన్ని దానిలో అమర్చారు.

నా దగ్గర ఉన్నది ఎఫ్ఎం2. దాని షట్టరు పూర్తిగా యాంత్రికం. బ్యాటరీ కేవలం మీటరుకే. బ్యాటరీ అయిపోయినా సెకనులో 4000వ వంతు వరకూ అన్ని వేగాలూ పనిచేస్తాయి. ఫిల్ము మాత్రం విదేశాల నుండి రావలసిందే. 1960లో స్థాపించిన ఊటీ హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్ము మన తరానికి బాగా తెలుసు. ఆ కర్మాగారం మూతపడింది. కనుక ప్రతి ఫొటోనూ ఆలోచించి తీయవలసి వస్తున్నది. అదీ మంచిదే.

కోస్తా జిల్లాలలోని మిత్రులకు ఒక ముఖ్య విషయం. మన తేమలో కటకాలకు పెద్ద శత్రువు బూజు. కటకాన్ని దీపానికి ఎదురుగా పట్టి లోపలికి చూస్తే సాలెగూడు వంటి తీగలు కనబడతాయి. అది స్రవించే ఆమ్లం గాజుపై పూతను తినేస్తుంది. పెరిగిన బూజును తుడవవచ్చు గాని, పడిన మచ్చను తుడవలేము. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచడం మంచిది. దానికన్నా మంచిది వారానికొకసారైనా బయటకు తీసి వెలుగు చూపడం. బీరువాలో భద్రంగా దాచిన కెమెరాయే ముందు పాడవుతుంది.

ఇప్పుడు కారు దగ్గరకు వద్దాం. పెట్రోలు ఇంజనునూ విద్యుత్తునూ జోడించడం కొత్త ఊహ కాదు. ఫెర్డినాండ్ పోర్షే 1900 ప్రాంతంలోనే అటువంటి బండిని నిర్మించాడు. కాని బ్యాటరీల బరువూ, పెట్రోలు చౌకా ఆ ఊహను తొక్కివేశాయి. 1997 డిసెంబరులో టొయోటా సంస్థ జపానులో ప్రియస్‌ను విడుదల చేసే వరకూ అది పెద్ద ఎత్తున తయారు కాలేదు. ప్రియస్ అంటే లాటిన్‌లో "ముందటిది" అని అర్థం. 1999లో హోండా ఇన్‌సైట్ అమెరికాకు చేరింది. 2000లో ప్రియస్ జపాను దాటింది.

ఆనాడు అందరి అనుమానమూ ఒక్కటే: బ్యాటరీ ఎన్నాళ్లుంటుంది? పాత కారు కొనేవాడికి ఇది ప్రాణసంకటమైన ప్రశ్న. "కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అన్నట్లు, చౌకగా కొన్న కారుకు ఖరీదైన బ్యాటరీ వేయించవలసి వస్తే లాభమేమున్నది? 2003లో వచ్చిన రెండవ తరం ప్రియస్‌లో 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ గుళికలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి 7.2 వోల్టులు, మొత్తం 201.6 వోల్టులు. ఈ బ్యాటరీని కారు ఎన్నడూ పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. సుమారు 40 నుండి 80 శాతం మధ్యనే తిప్పుతుంది. మితాహారమే దీర్ఘాయువని మన పెద్దలు చెప్పిన సూత్రమే అది. అందువల్లనే ఎన్నో బ్యాటరీలు పదేళ్లు దాటి నడిచాయి.

అయినా దానికి రెండు గండాలున్నాయి. మొదటిది వేడి. వెనుక సీటు పక్కన ఒక చిన్న గాలిద్వారం ఉంటుంది. లోపలి పంకా ఆ ద్వారం గుండానే గాలిని లాగి బ్యాటరీని చల్లబరుస్తుంది. దుమ్ము, బొచ్చు, పైన పరచిన దుప్పట్లు దానిని మూసివేస్తే బ్యాటరీ వేడెక్కి త్వరగా ముసలిదవుతుంది. రెండవ గండం వాడకపోవడం. నెలల తరబడి నిలిపి ఉంచితే గుళికలు వాటంతటవే నీరసిస్తాయి, అన్నీ సమానంగా కూడా నీరసించవు. ఒక్క గుళిక దెబ్బతిన్నా మొత్తం వరుస కుంటుపడుతుంది. దానినొక్కదానినే మార్చి అమ్మేవారున్నారు. మిగిలిన 27 గుళికల వయసు మాత్రం మారదు కదా!

పాత హైబ్రిడ్ కార్ల చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసినది మంగోలియా. జపానులో కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తరువాత రెండేళ్లకొకసారి ఖరీదైన తప్పనిసరి తనిఖీ ఉంటుంది. దానితో చాలామంది బాగున్న కారును కూడా వదిలించుకుంటారు. అవి ఓడలెక్కి దేశాంతరం పోతాయి. మంగోలియా ప్రభుత్వం హైబ్రిడ్లకు సుంకం మినహాయించడంతో రాజధాని ఉలాన్‌బాతర్ వీధులు పాత ప్రియస్‌లతో నిండిపోయాయి. అక్కడ బండ్లు నడిచేది కుడివైపున, ఈ కార్ల చక్రం ఉండేదీ కుడివైపునే. అయినా ఎవరికీ పట్టింపు లేదు. మంచుకన్నా ముప్పై డిగ్రీలు దిగువకు పోయే చలికాలంలో, మామూలు ఇంజన్లు మొరాయించే ఉదయాన, ఈ కారులోని పెద్ద మోటారు ఇంజనును లేపుతుంది. ఒక దేశం వదిలేసినది మరొక దేశానికి ఆధారమైంది. కాని అంతిమంగా ఆ బ్యాటరీలన్నీ ముసలివయ్యేది మంగోలియాలోనే. లాభంతోపాటు భారమూ ఓడ దిగింది.

అమెరికాలో మరొక చిత్రం. కాలిఫోర్నియా ప్రభుత్వం 2005 నుండి హైబ్రిడ్లకు పసుపు స్టికర్లిచ్చి, ఒంటరిగా నడిపేవారిని కూడా రద్దీ లేని ప్రత్యేక వరుసలో పోనిచ్చింది. ఇచ్చినవి 85,000. స్టికరు కారుకే చెందుతుంది కనుక పాత కారుకు దానివల్ల అదనపు ధర పలికింది. 2011 జూలై 1న ఆ సౌకర్యం ముగిసింది, ఆ అదనమూ ఆవిరైంది. సిలికాన్ లోయలో ఉద్యోగాలు చేసే మనవారికి ఆ పసుపు స్టికరు ఎరుకే.

మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ దిగుమతులుగా వచ్చాయి. ధర ఎక్కువై బహుకొద్దిగానే అమ్ముడుపోయాయి. అందుకే నేడు ఎక్కడైనా ఒకటి కనబడితే, మరమ్మతు తెలిసినవాడు, విడిభాగం ఇచ్చేవాడు ఉన్నారో లేదో ముందుగా విచారించాలి. 2022లో గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ వంటివి వచ్చాక పరిస్థితి మారింది. అవి పాత బండ్ల సంతకు విరివిగా వచ్చే రోజు దగ్గరలోనే ఉన్నది. అప్పుడు మీరు చూడవలసినవి: బ్యాటరీ హామీ ఎంత మిగిలింది, అది కొత్త యజమానికి వర్తిస్తుందా, సర్వీసు పుస్తకం సక్రమంగా ఉన్నదా, కారు ఎన్నాళ్లు కదలకుండా ఉన్నది, గాలిద్వారం శుభ్రంగా ఉన్నదా. 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు సరేసరి.

మా అబ్బాయికి నేను రాసినది కూడా ఇదే. తక్కువ తిరిగిన బండి అని మురిసిపోకు, రోజూ తిరిగిన బండిని వెతుకు అన్నాను. చివరగా, ఆ బ్యాటరీ ఆయువు తీరిన రోజున దానిని ఎవరికి అప్పగించాలో కొనే రోజునే తెలుసుకోమన్నాను. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఆ భారాన్ని తయారీదారుల మీద ఉంచాయి. అయితే దానిని చెత్తలో కలపకుండా వారికి చేర్చవలసినది వాడినవాడే. కెమెరాలోని బిళ్ల బ్యాటరీకీ ఇదే వర్తిస్తుంది. నా బల్ల మీద ఒక గాజు సీసాలో అవి పదకొండు పోగయ్యాయి. వాటిని సక్రమంగా తీసుకొనే చోటు మీ ఊళ్లో ఏదైనా ఉంటే తెలియజేయగలరు.