అనుమానపు నీడలో యౌవనము

తెలుగునాట ఒక మాట చిరకాలముగా వాడుకలో నున్నది. ఒక వీథిలో ఎవరెవరు కాపురముందురని అడిగినచో, "తెలుగువాళ్లు కొందఱు, సాయిబులు కొందఱు" అని బదులు వచ్చును. చెప్పువారి మనస్సున ద్వేషముండకపోవచ్చును. కాని ఆ వీథిలో పెరుగుచున్న ముస్లిము బాలునకు, తాను తెలుగువాడు కాడని చెప్పు మొదటి పాఠ మిదియే. బడిలో "తురకోడా" యను వెక్కిరింత, క్రికెట్టు ఆటనాడు పాకిస్తాను పేరెత్తి తోటివారు పెట్టు పరీక్ష, వయసు వచ్చిన పిమ్మట అద్దెయిల్లు దొరకకపోవుట, పోలీసుల అనుమానము - ఇవన్నియు ఆ పాఠమునకు కొనసాగింపులే.

సాహిత్యచరిత్ర ఈ విభజనను సమర్థింపదు. 16వ శతాబ్దమున అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును గోలకొండ ప్రభువైన ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చెను. అచ్చతెలుగు కావ్యములలో మొదటిదిగా ప్రసిద్ధి కెక్కిన పొన్నిగంటి తెలగనార్యుని యయాతిచరిత్రమునకు కృతిభర్త అమీనుఖాను. ఇరువదవ శతాబ్దమున పిఠాపురవాసి ఉమర్ ఆలీషా (1885-1945) పద్యకవిగా, నాటకకర్తగా కీర్తి గాంచెను. ఇంతటి వారసత్వము గల భాషలో పుట్టిన బాలుడు తన తెలుగుదనమునకు సాక్ష్యము చూపవలసివచ్చుట విచారింపదగిన విషయము.

హైదరాబాదు రాజ్యమున ఈ వేర్పాటును లోతు చేసినది 1948వ సంవత్సరము. రజాకారుల దౌర్జన్యములు ప్రజల మనస్సులలో మానని గాయములు చేసినవి. సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన పోలీసుచర్యకు తరువాత, ఆ దౌర్జన్యములతో ఏ సంబంధమును లేని సామాన్య ముస్లిములపై ప్రతీకారము సాగినది. భారతప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము 27,000 నుండి 40,000 మంది వఱకు మరణించి యుందురని అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దముల తరబడి ప్రకటింపబడలేదు. అనేక కుటుంబములకు కొలువులు పోయినవి. 1949లో జాగీర్దారీ రద్దుతో దానిపై ఆధారపడిన చిన్న ఉద్యోగులకును జీవనాధారము తప్పినది. ఉస్మానియాలో ఉర్దూ బోధనాభాషగా తొలగుటతో, ఆ భాషలో చదువుకొన్న యువకుల పట్టములకు విలువ తగ్గినది. తండ్రుల తరమునకు చేరిన నింద పుట్టుకతోనే పిల్లలకు సంక్రమించినది.

ఈ బాలుని మనస్సు తెలుగు సాహిత్యమున ప్రవేశించుటకు చాల కాలము పట్టినది. కథలలో సాయిబు కనబడెను. కాని తఱచుగా బండి తోలువాడుగనో, వచ్చీరాని తెలుగుతో నవ్వించువాడుగనో కనబడెను. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ప్రకటించిన దీర్ఘకవిత "పుట్టుమచ్చ"తో ఆ పాత్ర తన గొంతుతో మాటలాడ నారంభించెను. తాను చేయని నేరము జన్మతో వచ్చిన మచ్చవలె తనను విడువకుండుట ఆ పేరులోనే స్ఫురించును. బాబ్రీమసీదు కూల్చివేత జరిగినది 1992 డిసెంబరు 6న. ఈ కావ్యము దానికి ముందే వెలువడినదను సంగతి గమనింపదగినది. తరువాత స్కైబాబ సంపాదకత్వమున "జల్‌జలా" (1998) కవితాసంకలనము, "వతన్" (2004) కథాసంకలనము వెలువడినవి. ఈ రెంటికి నడుమ మహమ్మద్ ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" నెల్లూరు సీమలోని ముస్లిము బాల్యమును, అచ్చటి యాసతోనే, తెలుగు బాల్యముగా చూపినవి.

ఈ అవమానముల ఫలితములు కవుల ఊహలు కావు. 2006లో సమర్పింపబడిన సచ్చార్ సంఘపు నివేదిక ప్రకారము, 6 మొదలు 14 ఏండ్ల ముస్లిము పిల్లలలో నూటికి 25 మంది బడికి ఎన్నడును పోనివారో, మధ్యలో మానినవారో అయి యుండిరి. దారిద్ర్యము దీనికి ప్రధానకారణము. చదివినను ఉద్యోగము రాదను నిరాశ దానికి తోడైనది. ఐ.ఏ.ఎస్. అధికారులలో ముస్లిములు నూటికి ముగ్గురు మాత్రమే యుండగా, 2001 నాటి జనాభాలో వారు నూటికి 13.4. దేశద్రోహులనియు, బుజ్జగింపులు పొందువారనియు రెండు నిందలను వారు ఒకేసారి మోయుచున్నారని ఆ నివేదిక పేర్కొన్నది.

మఱుసటి యేడు మే 18న హైదరాబాదు మక్కామసీదులో బాంబు పేలి 9 మంది మరణించిరి. ఆ వెంటనే జరిగిన పోలీసుకాల్పులలో మఱి అయిదుగురు చనిపోయిరి. పిమ్మట అనేకులు ముస్లిము యువకులు నిర్బంధింపబడిరి. వారిపై మోపిన నేరములు న్యాయస్థానమున నిలువలేదు. దర్యాప్తు అటుపై హిందూత్వవాదుల వైపు మరలగా, ఆ నిందితులును 2018లో నిర్దోషులుగా విడుదలయిరి. విడుదలయిన ముస్లిము యువకులకు రాష్ట్రప్రభుత్వ మిచ్చిన పరిహారపు ఉత్తరువును 2013లో హైకోర్టు కొట్టివేసినది. నిర్దోషియని తీర్పు వచ్చినను, ఆగిపోయిన చదువు తిరిగి రాదు. ఇరుగుపొరుగు చూపులోని సందేహము తీర్పుతో తొలగదు.

న్యాయస్థానములు, విచారణసంఘములు చేయవలసిన పని వానిది. వీథిలో వినబడు మాట మాత్రము రచయితల అధీనమున నున్నది. "తెలుగువాళ్లు, సాయిబులు" అను జంటపదము తెలుగు కథలలోను, నవలలోను, అనువాదములలోను నేటికిని అలవాటుగా దొరలుచున్నది. అది వ్రాయునప్పుడు కలము ఒక్క క్షణ మాగినచో, బడిలో వెనుకబల్లపై మౌనముగా కూర్చున్న బాలునకు తన భాషలో తనకు చోటున్నదని తెలియును.