ఒక్క రాత్రిలో తీరాంధ్ర తలరాతను మార్చిన బందరు కోట

సంగం జాగర్లమూడి (తెనాలి): సెలవులు రాగానే పిల్లలతో ఎక్కడికి వెళ్లాలన్న ఆలోచన ప్రతి ఇంటా మొదలవుతుంది. గోల్కొండ, కొండపల్లి కోటలు చూసినవారు మన ప్రాంతంలో చాలామందే ఉన్నారు. కృష్ణానది దాటితే చేరువలోనే ఉన్న బందరు కోటను చూసినవారు మాత్రం అరుదు. గుంటూరు సీమ తీరం ఆంగ్లేయుల పరం కావడానికి కారణమైన యుద్ధం 1759లో ఈ కోటలోనే జరిగింది.

పర్ర నడుమ కోట

బందరు అంటే పారశీక భాషలో ఓడరేవు. మచిలీపట్నానికి ఆ పేరు రేవు వల్లనే వచ్చింది. డచ్చివారు, ఆంగ్లేయులు 17వ శతాబ్ది తొలినాళ్లలోనే ఇక్కడ వర్తకం ప్రారంభించారు. ఆంగ్లేయుల ‘గ్లోబ్’ ఓడ 1611లో ముందుగా మన నిజాంపట్నంలో ఆగి, ఆ తర్వాతే బందరు చేరింది. 1750లో ఈ రేవు ఫ్రెంచివారి అధీనంలోకి వెళ్లింది.

కోట పట్టణానికి ఆగ్నేయంగా, మైలున్నర దూరంలో ఉంది. కొండ మీది కోటలకు ఎత్తు రక్షణ కాగా, దీనికి బురదే రక్షణ. ఒకవైపు సముద్రపు పాయ, మిగిలిన వైపుల ఉప్పు పర్ర. ఊరి నుంచి కోటకు కట్ట వంటి దారి ఒక్కటే ఉండేది.

అర్ధరాత్రి దాడి

విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు కోరికపై క్లైవు బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చెందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించిన ఫోర్డు, 1759 మార్చిలో బందరు కోటను ముట్టడించాడు. అతని వద్ద ఉన్న ఐరోపా సైనికులు సుమారు 350 మంది. జీతాలు అందక వారు ఒక దశలో తిరగబడ్డారు. మరోవైపు ఫ్రెంచివారికి అండగా నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ వరకు వచ్చాడు. ఏప్రిల్ 7 నాటికి ఫోర్డు వద్ద మిగిలిన తుపాకీ మందు రెండు రోజులకే సరిపోతుంది.

ఇక ఆలస్యం చేయక ఆ రాత్రే, సముద్రపు పోటు తగ్గిన వేళ దాడికి దిగాడు. ఒక దళం నైరుతి వైపు బురదలో నుంచి, ఆనంద గజపతి సేన కట్ట దారిన ద్వారం వైపు వెళ్లి శత్రువు దృష్టిని మళ్లించాయి. అసలు దాడి ఈశాన్య బురుజుపై సాగింది. తెల్లవారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. దాదాపు 500 మంది ఐరోపా సైనికులు, రెండున్నర వేల మంది సిపాయిలు బందీలయ్యారు. పట్టుబడినవారు పట్టుకున్నవారి కన్నా ఎక్కువ! వారం తర్వాత ఫ్రెంచివారికి సహాయంగా ఓడలు వచ్చినా ప్రయోజనం లేకపోయింది.

నిజాంపట్నం చేతులు మారింది

ఈ ఓటమితో సలాబత్ జంగ్ దారి మార్చుకున్నాడు. 1759 మే 14న ఆంగ్లేయులతో సంధి చేసుకుని మచిలీపట్నంతో పాటు నిజాంపట్నం, కొండవీడు తదితర ప్రాంతాలను వారికి అప్పగించాడు. బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్న గుంటూరు సర్కారు 1788లో వారి వశమైంది.

తుపాకులు కూల్చని దానిని సముద్రం కూల్చింది

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచెత్తింది. సుమారు 30 వేల మంది మరణించారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన పెద్దలకు ఆ విషాదం ఎంతటిదో వేరే చెప్పనక్కర లేదు. ఉప్పెన తర్వాత పట్టణం పూర్వవైభవాన్ని తిరిగి పొందలేదు.

ఇప్పుడు కోటలో ఆయుధాగారం, గంట గోపురం వంటి కొన్ని శిథిల కట్టడాలే కనిపిస్తాయి. గొప్ప బురుజులను ఊహించుకుని వెళ్లేవారికి నిరాశ తప్పదు. కథ తెలిసి వెళితే మాత్రం ఆ పర్ర, ఆ పాయ చాలు, నాటి రాత్రి కళ్ల ముందు నిలుస్తుంది. పట్టణంలోని డచ్చివారి సమాధులను, వాటి నల్లరాతి పలకలపై చెక్కిన శాసనాలను కూడా చూడవచ్చు. మంగినపూడి తీరం, చిలకలపూడి పాండురంగని ఆలయం, పెడన కలంకారీ దగ్గరలోనే ఉన్నాయి.

ఇలా వెళ్లాలి

సంగం జాగర్లమూడి నుంచి రైలులో తెనాలి చేరి, అక్కడి నుంచి రైలులో గానీ బస్సులో గానీ రేపల్లె వెళ్లాలి. పెనుమూడి-పులిగడ్డ వారధి మీదుగా మచిలీపట్నం అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. రైలులోనే వెళ్లదలచినవారు విజయవాడ, గుడివాడ మీదుగా చేరవచ్చు. కోట వద్ద నీడ తక్కువ కనుక ఉదయం వేళ వెళ్లడం, మంచినీరు వెంట ఉంచుకోవడం మేలు. శిథిల గోడలు ఎక్కరాదు. వాటిపై పేర్లు గీకడం, ఇటుకలు పెకలించడం అసలే కూడదు. ఉప్పెన మిగిల్చిన ఆ కాస్త గోడలే రేపటి పిల్లలకు సాక్ష్యం.