43 సెకన్లు... 24 గంటల 11 నిమిషాలు

2018 అక్టోబరు 21, ఆదివారం. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడు కావస్తోంది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్. దాని నెట్‌వర్క్ కేంద్రంలో 100జి ఆప్టికల్ పరికరం ఒకటి మొరాయిస్తోంది. దాన్ని తీసి కొత్తది పెట్టాలి. రొటీన్ మెయింటెనెన్స్.

ఇలాంటి పరికరం ఒక్కసారిగా చచ్చిపోతే నెట్‌వర్క్ ఇంజినీర్లు పెద్దగా కంగారు పడరు. లింక్ డౌన్ అయిందని స్విచ్ చెప్పేస్తుంది, ట్రాఫిక్ పక్కదారి పడుతుంది. చిక్కంతా కొనఊపిరితో ఉన్నవాటితోనే. లేజర్ నీరసిస్తుంది, లేదా ఫైబర్ కొనమీద కంటికి ఆనని దుమ్ము చేరుతుంది. పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంటుంది, లోపల మాత్రం ప్యాకెట్లు ఒకటీ అరా పాడవుతుంటాయి. స్టోరేజీ క్లస్టర్లో ఈ రోగం తన అసలు పేరుతో బయటపడదు. డిస్కు నెమ్మదించినట్టు ఉంటుంది, డేటాబేస్ మొండికేసినట్టు ఉంటుంది. రెండు రోజులు అక్కడ వెతికాక గానీ కేబులు మీద అనుమానం రాదు. అందుకే ఎర్రర్ కౌంటర్ పెరుగుతోందని తెలిస్తే, పూర్తిగా పోయేదాకా ఆగకుండా మాడ్యూల్ మార్చేయడం మంచి అలవాటు. ఆ సాయంత్రం గిట్‌హబ్‌లో తలపెట్టింది తప్పు పని కాదు.

సరిగ్గా 6:52కి, పని మధ్యలో, ఆ కేంద్రానికీ తూర్పు తీరంలోని ప్రధాన డేటా సెంటర్‌కీ మధ్య సంబంధం తెగింది. 43 సెకన్లు. మళ్లీ కలిసింది.

హార్డ్‌వేర్ కథ అక్కడితో ముగిసింది. మన గడియారంలో అప్పుడు సోమవారం తెల్లవారుజామున 4:22. ఇక్కడినుంచి మన సమయంలోనే చెబుతాను.

గిట్‌హబ్‌లో ప్రోగ్రామర్లు దాచుకునే కోడ్ ఒకచోట ఉంటుంది. ఆ కోడ్ చుట్టూ నడిచే వ్యవహారం, అంటే ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, వాటి కింద వాదోపవాదాలు, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుల్లో ఉంటుంది. అప్పట్లో క్లస్టర్లు చాలానే ఉండేవి. చిన్నది వందల గిగాబైట్లు, పెద్దది దాదాపు 5 టెరాబైట్లు. ప్రతి క్లస్టర్‌కీ ఒక ప్రైమరీ. రాసేదంతా దాని మీదే. చదవడానికి రెప్లికాలు, ఒక్కోచోట డజన్లకొద్దీ. ప్రైమరీ పడిపోతే మరోదాన్ని గద్దెనెక్కించే బాధ్యత ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్‌ది. అది ఒంటెత్తు పోకడ పోకుండా దాని నోడ్లను తూర్పు తీరంలో, పడమటి తీరంలో, తూర్పునే ఉన్న ఒక పబ్లిక్ క్లౌడ్‌లో పెట్టారు. అవి రాఫ్ట్ పద్ధతిలో ఓట్లు వేసుకుంటాయి. మెజారిటీ ఎటుంటే అదే తీర్మానం.

ఆ 43 సెకన్లలో ఓటింగ్ జరిగిపోయింది. పడమటి నోడ్లకు క్లౌడ్ నోడ్లు కనిపిస్తున్నాయి, తూర్పు డేటా సెంటర్ కనిపించడం లేదు. కోరం ఉంది. తూర్పు పోయిందని తేల్చి, పడమటి సర్వర్లను ప్రైమరీలు చేశాయి. లింక్ కలిసిన మరుక్షణం సైటు రాతలన్నీ దేశం అవతలి ఒడ్డుకు, దాదాపు 4,000 కిలోమీటర్లు ప్రయాణం కట్టాయి.

నా లెక్కలో యంత్రం తప్పు చేయలేదు. దానికి నేర్పిన నియమమే అది. సైటును నడిపే యంత్రాలు తూర్పున ఉండగా ప్రైమరీ పడమటికి వెళ్తే పని సాగుతుందా అన్న ప్రశ్న ఆ నియమంలో లేదు.

4:24కి అలారాలు మోగాయి. డ్యూటీలో ఉన్న ఇంజినీర్లు 4:32 కల్లా చూసింది ఇదీ: ఆర్కెస్ట్రేటర్‌ను అడిగితే అది చూపించే పటంలో తూర్పు సర్వర్ ఒక్కటీ లేదు. 4:37కి కొత్త డిప్లాయ్‌మెంట్లు ఏవీ వెళ్లకుండా తాళం వేశారు. 4:39కి స్టేటస్ పసుపు, 4:43కి ఎరుపు. డేటాబేస్ బృందంలో మిగతావాళ్లకూ పిలుపులు వెళ్లాయి.

అసలు సమస్య అప్పుడు విప్పుకుంది. లింక్ తెగే ముందు తూర్పున నమోదైన కొన్ని సెకన్ల రాతలు పడమటికి చేరలేదు. ఆ తర్వాత పడమట చేరిన రాతలు తూర్పున లేవు. ఒకే ఊరికి ఇద్దరు కరణాలు కూర్చుని చెరో అడంగల్ రాసినట్టయింది. ఏది చించినా ఎవరిదో ఒక హక్కు పోతుంది.

తూర్పు ప్రైమరీలను బలవంతంగా మళ్లీ నిలబెడితే సైటు త్వరగా లేస్తుంది. కానీ పడమట అప్పటికే దాదాపు 40 నిమిషాల రాత పోగైంది. అదంతా గల్లంతు. రెండో దారి, పడమటిదే అసలు అడంగల్ అని ఒప్పుకోవడం. తూర్పు క్లస్టర్లను బ్యాకప్‌ల నుంచి తిరిగి కట్టి, పడమటి మార్పులన్నీ వాటికి ఎక్కించి, సమానమయ్యాక ఇటు మళ్లడం. గంటలు పడుతుంది. ఈలోగా లక్షలమంది తిడతారు.

రెండోదే ఎంచుకున్నారు. 4:49కి వెబ్‌హుక్‌లు (బయటి సర్వీసులకు వెళ్లే ఆటోమేటిక్ సందేశాలు), గిట్‌హబ్ పేజెస్ (గిట్‌హబ్ నుంచే నడిచే వెబ్‌సైట్లు) బిల్డులు తామే ఆపేశారు. సైటు కుంటినా సరే, డేటా పోకూడదు. ఈ ఉదంతంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ నిర్ణయమే. అలారాలు మోగుతుండగా నెమ్మది దారి పట్టడానికి గుండె కావాలి.

6:11కి బ్యాకప్‌ల నుంచి పునరుద్ధరణ మొదలైంది. నాలుగు గంటలకోసారి తీసే బ్యాకప్‌లున్నాయి. అయితే అవి దూరాన క్లౌడ్ స్టోరేజీలో ఉన్నాయి. టెరాబైట్లు దిగాలి, కంప్రెషన్ విప్పాలి, చెక్‌సమ్ సరిచూడాలి, కొత్త సర్వర్లలోకి ఎక్కించాలి. రోజూ పరీక్షించే పద్ధతే ఇది. కాకపోతే ఒక క్లస్టర్ మొత్తాన్ని ఆసాంతం బ్యాకప్ నుంచి కట్టే అవసరం అంతవరకూ రాలేదు.

హైదరాబాద్ హైటెక్ సిటీలో సోమవారం లాప్‌టాప్‌లు తెరిచేసరికి స్టేటస్ పేజీ ఎర్రగా ఉంది. లోకానికి సంగతి చెబుదామన్న వివరణ కూడా మధ్యాహ్నం 1:16 దాకా వెలువడలేదు. ఆ ప్రకటన వెలువడాల్సింది పేజెస్ ద్వారానే, పేజెస్‌ను ఆపింది వాళ్లే!

సాయంత్రం 4:42కి ప్రైమరీలన్నీ తూర్పుకు చేరాయి. సైటు చురుకైంది, జనం చిరాకు పెరిగింది. డజన్లకొద్దీ రెప్లికాలు ఇంకా గంటల వెనకే ఉన్నాయి. ఇప్పుడు కనిపించిన వ్యాఖ్య, పేజీ రిఫ్రెష్ చేస్తే మాయం. మరోసారి చేస్తే ప్రత్యక్షం. రెండు గంటల్లో సర్దుకుంటుందని అంతకుముందు స్టేటస్ పేజీలో రాశారు. ఆ లెక్క తప్పింది. వెనకబడిన రెప్లికా ఒకే వేగంతో అందుకోదు, దగ్గరపడేకొద్దీ నెమ్మదిస్తుంది. పైగా యూరప్ పనిలో ఉంది, అమెరికా నిద్ర లేస్తోంది, కొత్త రాతల వరద. 6:45కి క్లౌడ్‌లో అదనపు రెప్లికాలు నిలబెట్టి బరువు పంచారు. రాత్రి 9:54కి అన్నీ కలిశాయి.

పేరుకుపోయిన పని మిగిలింది: 50 లక్షలకు పైగా హుక్ ఈవెంట్లు, 80 వేల పేజెస్ బిల్డులు. వాటిని వదిలే క్రమంలో దాదాపు 2 లక్షల వెబ్‌హుక్ సందేశాలు గడువు దాటిపోయి రాలిపోయాయి. మంగళవారం తెల్లవారుజామున 4:33కి స్టేటస్ పచ్చబడింది.

తూర్పున చిక్కుకుపోయిన ఆ కొద్ది సెకన్ల రాతల సంగతి? బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టర్లో అవి 954. వాటి లాగులను భద్రపరిచి, వేటిని ఆటోమేటిక్‌గా సర్దవచ్చో, వేటికి మనుషుల్ని అడగాలో వేరుచేసే పని పెట్టుకున్నారు. అక్టోబరు 30న నిమిషాలతో సహా మొత్తం కాలక్రమాన్ని గిట్‌హబ్ బయటపెట్టింది. ఆర్కెస్ట్రేటర్ సెట్టింగు మారుస్తామని అందులో చెప్పింది. ప్రైమరీ పడిపోతే ప్రాంతం పొలిమేర దాటి మరోదాన్ని ఎక్కించకూడదు.

ఈ ఆదివారం ఇది చదివినవాళ్లలో క్లస్టర్లకు కాపలా కాసే ఉద్యోగులుంటే, రేపు ఆఫీసుకు వెళ్లగానే ఒక్క సెట్టింగు చూడండి. మీ ప్రైమరీ పడిపోతే కొత్తది ఏ ఊళ్లో లేస్తుంది?