క్రికెట్ మైదానంలోకి ప్రేక్షకుల ప్రవేశం

బ్యాట్స్‌మన్ అర్ధశతకమో శతకమో సాధించినపుడు ప్రేక్షకులు మైదానంలోకి పరుగెత్తి అభినందించడం ఒకప్పుడు భారత క్రికెట్‌లో పరిపాటి. నేడిది శిక్షార్హమైనా అప్పట్లో ముచ్చటగానే భావించబడేది. 1960 జనవరిలో బొంబాయి బ్రబోర్న్ స్టేడియంలో ఆస్ట్రేలియాపై అర్ధశతకం చేసిన హైదరాబాదు ఆటగాడు అబ్బాస్ అలీ బేగ్‌ను ఒక యువతి మైదానంలోకి వచ్చి ముద్దుపెట్టుకున్నది.

ఆ ముచ్చట హైదరాబాదులోనే వికటించింది. 1969 అక్టోబరులో లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజీలాండ్‌తో జరిగిన టెస్టులో భారత జట్టు 89 పరుగులకే ఆలౌట్ అయినది. అంత తక్కువ స్కోరులోనూ చివరి జోడీ పోరాటాన్ని మెచ్చి పరుగెత్తుకొచ్చిన ఒక బాలుడిని భద్రతా సిబ్బంది కొట్టడంతో ప్రేక్షకులలో అల్లర్లు చెలరేగాయి.

2018 అక్టోబరులో ఇదే నగరంలోని ఉప్పల్ స్టేడియంలో, వెస్టిండీస్‌తో టెస్టు జరుగుతుండగా, సెల్ఫీ కోసం విరాట్ కోహ్లి వద్దకు పరుగెత్తిన అభిమానిపై పోలీసులు కేసు నమోదు చేశారు.