రాని సినిమాకి రెండు నిమిషాల ఓపెనింగ్

ఇవాళ ఏ పెద్ద డైరెక్టర్ జీవితమూ కాదు, ఒక హోంవర్క్ చరిత్ర. నవ్వకండి, వినండి. ఇంగ్లండ్‌లో మన ఇంటర్ ఫస్టియర్ వయసు పిల్లలు, అంటే పదహారు పదిహేడేళ్ల వాళ్లు, బ్యాచ్ తర్వాత బ్యాచ్ దాదాపు పదేళ్లు చేసిన హోంవర్క్ ఇది. ఒక కొత్త సినిమాకి టైటిల్సూ ఓపెనింగూ తీయాలి. రెండు నిమిషాలు దాటకూడదు. అసలు సినిమా తీయక్కర్లేదు. అది ఎప్పటికీ రాదు కూడా.

ఓసీఆర్ అని అక్కడ ఒక పరీక్షల బోర్డు ఉంది. మన ఇంటర్ బోర్డు లాంటిదే అనుకోండి, కాకపోతే అక్కడ బోర్డులు చాలా ఉంటాయి, ఏది కావాలో స్కూలే ఎంచుకుంటుంది. వీళ్ల ఏఎస్ మీడియా స్టడీస్ కొత్త సిలబస్ 2008 సెప్టెంబర్‌లో క్లాసుల్లోకి వచ్చింది. అందులో ప్రాక్టికల్ పేపర్‌కి 100 మార్కులు. ప్రింట్ తీసుకున్నవాళ్లు కొత్త మ్యూజిక్ మ్యాగజైన్ కవరూ లోపలి పేజీలూ చేయాలి, వీడియో తీసుకున్నవాళ్లకి ఈ ఓపెనింగ్. గ్రూపులో నలుగురికి మించకూడదు. రీసెర్చి, ప్లానింగ్ కలిపి 20 మార్కులు, తీసినదానికి 60. మిగిలిన 20 దేనికో తెలుసా? అంతా అయిపోయాక వెనక్కి తిరిగి చూసుకుని, ఏం చేశామో, ఎందుకు అలా చేశామో చెప్పినందుకు. నాతో ఈ ఎపిసోడ్ చేయించింది ఆ చివరి 20 మార్కులే. అక్కడికి వస్తాను. ముందు ఒక తలుపు తీయాలి.

నిజంగానే తలుపు. అసలు పనికి ముందు ఒక చిన్న ఎక్సర్‌సైజ్ పెట్టారు. ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికి రావాలి, గది దాటాలి, ఇంకొకరి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి, ఇద్దరూ రెండు ముక్కలు మాట్లాడుకోవాలి. అంతే కథ. వినడానికి ఎంత తేలికో, తీయడానికి అంత తలనొప్పి. బయట వరండాలో చెయ్యి హ్యాండిల్ తిప్పుతోంది, కట్ చేస్తే గది లోపలి నుంచి తలుపు తెరుచుకుంటోంది. ఆ కదలిక మొదటి షాట్‌లో ఎక్కడ ఆగిందో రెండో షాట్‌లో సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. దీన్నే మ్యాచ్ ఆన్ యాక్షన్ అంటారు. కుదిరితే కట్ అయినట్టు చూసేవాడికి తెలియనే తెలియదు. బయట కుడి భుజానికి ఉన్న బ్యాగు లోపలికి వచ్చేసరికి ఎడమ భుజానికి మారిందా, పట్టేస్తాడు.

ఇంకోటి 180 డిగ్రీల రూల్. కూర్చున్న ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకోండి, కెమెరా ఆ గీతకి ఒకవైపే ఉండాలి. ఎందుకూ అంటే, విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు ఒక షాట్‌లో ఎడమ నుంచి కుడికి పోతోంది. తర్వాతి షాట్‌లో అదే బస్సు కుడి నుంచి ఎడమకి వస్తే ఏమనుకుంటాం? ఎవరో లగేజీ మర్చిపోయారు, వెనక్కి తిప్పారు అనుకుంటాం. సంభాషణలో కూడా అంతే, గీత దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తూ మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. 1910ల్లో అమెరికన్ మూకీ సినిమాల్లో కుదురుకున్న వ్యాకరణం ఇదంతా. దాన్ని 2008లో ఒక స్కూలు పిల్లాడు క్లాస్‌రూమ్ తలుపు దగ్గర మళ్లీ కనుక్కోవాలి. మన దగ్గర సి లాంగ్వేజ్ మొదటి ల్యాబ్‌లో హలో వరల్డ్ రాయిస్తారు చూడండి, అలాంటిదే. కాకపోతే హలో వరల్డ్ కంటే ఈ తలుపు చాలా నయం, ఎందుకంటే ఇందులో తప్పు జరిగితే కంపైలర్ చెప్పదు, కళ్లే చెప్పాలి.

సరే, తలుపు అయింది. ఇప్పుడు అసలు ఓపెనింగ్. జానర్ మీ ఇష్టం అంది బోర్డు. కానీ ఎన్నో క్లాసులు థ్రిల్లర్ మీదే పడ్డాయి. దీనికి కళాత్మక కారణాలు వెతకక్కర్లేదు, లెక్క చూస్తే చాలు. లైట్లు లేవు, కాబట్టి చీకటి. నటులు లేరు, కాబట్టి ముఖం కనపడని హుడీ. మైకు బాగోదు, కాబట్టి డైలాగులు వద్దు, అడుగుల చప్పుడు చాలు. సెట్ లేదు, కాబట్టి స్కూలు కారిడార్, పార్కింగ్, ఊరి చివర చెట్లు. పేదరికమంతా థ్రిల్లర్‌లో స్టైల్‌గా చెలామణీ అయిపోతుంది. లవ్ స్టోరీ తీసి చూడండి, రెండో షాట్‌కే దొరికిపోతాం.

పిల్లల్ని వెక్కిరించడానికి చెప్పట్లేదు. హిచ్‌కాక్ 1960లో సైకో తీసింది కూడా ఇలాంటి లెక్కతోనే. అప్పటికి కలర్‌లో పెద్ద పెద్ద సినిమాలు తీసిన మనిషి, దీన్ని బ్లాక్ అండ్ వైట్‌లో, చాలావరకు తన టీవీ షో టీమ్‌తోనే, సుమారు 8 లక్షల డాలర్లలో ముగించాడు. సంగీతంలో బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలు మాత్రమే వాడాడు. షవర్ సీన్‌కి అసలు మ్యూజిక్కే వద్దన్నాడు హిచ్‌కాక్. హెర్మన్ అయినా రాసి వినిపించాడు, విన్నాక హిచ్‌కాక్ మాట మార్చుకున్నాడు. ఇప్పుడు సైకో అనగానే కళ్లకంటే ముందు చెవులకే గుర్తొస్తుంది. ఆ స్కూలు హోంవర్క్‌లో కూడా ఒక మంచి షరతు ఉండేది: సంగీతం సొంతంగా చేసుకోవాలి, లేదా కాపీరైట్ లేనిది వాడాలి. అంటే ఏ హిట్ సినిమా బీజీఎమ్మో తెచ్చి కింద వేసేస్తే కుదరదు. మన కాలేజీ షార్ట్ ఫిల్ముల్లో సగానికి ఈ రూల్ పెడితే ఏం మిగులుతుందో ఆలోచించండి.

ఇక టైటిల్స్. ప్రశ్నలో "టైటిల్సూ ఓపెనింగూ" అని రెండూ కలిపి అడిగారు. ఈ రెండింటికీ సినిమా చరిత్రలో పాత గొడవ ఉంది. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన టచ్ ఆఫ్ ఈవిల్ మొదలవ్వడమే ఒక చేతిలో బాంబుతో. టైమర్ తిప్పి, దాన్ని కారు డిక్కీలో పెట్టి ఒకడు పారిపోతాడు. ఏమీ తెలియని జంట ఆ కారెక్కుతుంది. అక్కడి నుంచి మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ లేకుండా, క్రేన్ మీద కెమెరా ఆ కారునీ, పక్కన నడిచే ఇంకో జంటనీ మెక్సికో సరిహద్దు దాకా వెంటాడుతుంది. బాంబు ఉందని మనకి తెలుసు, వాళ్లకి తెలియదు. వెల్స్ ఆ షాట్ మీద పేర్లు వద్దనుకున్నాడు, వీధిలో బార్ల నుంచీ కారు రేడియో నుంచీ వచ్చే పాటలే వినపడాలనుకున్నాడు. యూనివర్సల్ వాళ్లు పేర్లూ వేశారు, హెన్రీ మాన్సినీ మ్యూజిక్కూ వేశారు. వెల్స్ 58 పేజీల మెమో రాసి స్టూడియోకి పంపాడు, ఎడిటింగ్‌లో ఏం మార్చాలో వివరంగా. ఆ మెమో ప్రకారం వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేసిన వెర్షన్ 1998లో వచ్చింది. వెల్స్ చనిపోయి అప్పటికి పదమూడేళ్లు. అందులో షాట్ మీద అక్షరాల్లేవు.

అంటే పేర్లు సస్పెన్స్‌కి శత్రువులా? సాల్ బాస్‌ని అడిగితే కాదంటాడు. సైకో టైటిల్స్ ఆయనవే. బూడిదరంగు పట్టీలు అడ్డంగా నిలువుగా దూసుకొస్తాయి, పేర్లు ముక్కలై అతుక్కుంటాయి. కథ మొదలవ్వకముందే ఏదో విరిగిందని తెలిసిపోతుంది. 1995లో సెవెన్ వచ్చాక ఇది ఇంకో మెట్టు ఎక్కింది. కైల్ కూపర్ చేసిన ఆ టైటిల్స్‌ని ఈ మీడియా క్లాసుల్లో ఎంత అరగదీశారంటే, అదొక పాఠ్యపుస్తకం అయిపోయింది. బ్లేడుతో వేలి చర్మం కోసుకునే చేతులు, సూదీ దారంతో కుట్టిన నోట్‌బుక్కులు, గీకినట్టున్న అక్షరాలు. ముఖం ఎక్కడా లేదు. ఎవరీ మనిషి, వేళ్లు ఎందుకు కోసుకుంటున్నాడు? జవాబు సినిమాలో వస్తుంది: వేలిముద్రలు ఉండకూడదని.

మన పిల్లల ఇబ్బంది సరిగ్గా ఇక్కడే. సెవెన్ ఓపెనింగ్ ఒక అప్పు లాంటిది, తర్వాతి రెండు గంటల్లో వడ్డీతో తీరుస్తుంది. స్కూలు ఓపెనింగ్‌కి తీర్చే సినిమానే లేదు. నోట్‌బుక్కూ బ్లేడూ చేతులూ దింపేయొచ్చు, కానీ ఆ చేతులు ఎవరివి అంటే? కథ తెలియకుండా కథని దాచలేం. బాంబు గురించి హిచ్‌కాక్ త్రుఫోకి చెప్పిన లెక్క చాలామందికి తెలిసిందే: బల్ల కింద బాంబు ఉందని చూసేవాడికి తెలియకపోతే పేలినప్పుడు ఒక్క క్షణం ఉలికిపాటు, ముందే తెలిస్తే నిమిషాల తరబడి టెన్షన్. నా ఉద్దేశంలో ఈ హోంవర్క్‌లో అసలు పరీక్ష అదే. రెండు నిమిషాల్లో ఏది చూపించాలి, ఏది మింగేయాలి. ఇది తేల్చుకోవాలంటే ఎప్పటికీ తీయని మిగతా గంటన్నర సినిమా నలుగురి బుర్రల్లోనూ ఒకటే అయి ఉండాలి. నలుగురూ నాలుగు సినిమాలు ఊహించుకుంటే ఎడిటింగ్ టేబుల్ దగ్గర తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ 20 మార్కులు. ఏడు ప్రశ్నలు ఇచ్చేవాళ్లు. నిజమైన సినిమాల పద్ధతుల్ని మీ పని ఎలా వాడుకుంది, ఎక్కడ ఎదిరించింది? ఏ వర్గం మనుషుల్ని ఎలా చూపించింది? ఎలాంటి సంస్థ దీన్ని విడుదల చేస్తుంది? ప్రేక్షకులెవరు, వాళ్లని ఎలా ఆకట్టుకున్నారు? టెక్నాలజీ గురించి ఏం నేర్చుకున్నారు? ఏడోది నాకు బాగా ఇష్టమైనది. మొదట చేసిన ఎక్సర్‌సైజ్‌ని, అంటే ఆ తలుపునీ కుర్చీనీ, మళ్లీ చూసి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేలోపు ఏం నేర్చుకున్నారో చెప్పండి.

మొదటి ప్రశ్నలు కొంచెం తెలివిగా బుకాయించొచ్చు. "మా హుడీ థ్రిల్లర్ కన్వెన్షన్" అనొచ్చు. ఏడో ప్రశ్న దగ్గర బుకాయింపు కష్టం, ఎందుకంటే సాక్ష్యం పక్కనే ఉంది. రెండు వీడియోలూ టీచర్ దగ్గరున్నాయి. మొదటిదాంట్లో చెయ్యి రెండుసార్లు హ్యాండిల్ తిప్పిందా, రెండోదాంట్లో తిప్పలేదా, ఎందుకు? షూట్‌కి ముందు షాట్ లిస్ట్ రాసుకున్నారా, లేక ఎక్కువ యాంగిల్స్ తీసుకుని ఎడిట్‌లో ఏరుకున్నారా? ఇలా అడిగితే జవాబు చెప్పే పిల్లాడికి తన పని తనకే కొత్తగా కనపడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మాకు రెండు వారాలకోసారి రెట్రో ఉండేది. ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు, రంగురంగుల చీటీలు. ఎక్కువసార్లు అందరూ "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాసి లంచ్‌కి వెళ్లేవాళ్లు. పక్కన పెట్టుకుని పోల్చడానికి పాత కోడ్ ఎవరూ తెరిచేవాళ్లు కాదు. మన బీటెక్ ప్రాజెక్ట్ రిపోర్టుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. సీనియర్ల స్పైరల్ బైండింగ్, కొత్త పేర్లు, చివర్లో "ఫ్యూచర్ స్కోప్" అని ఒక పేజీ. ఫ్యూచర్ గురించి అడుగుతారే గానీ గడిచిన ఆరు నెలల గురించి అడగరు.

2017 సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్‌లో ఏ లెవెల్ మీడియా మొత్తం మారింది. అంతకుముందు ఈ సిలబస్‌లో సగం మార్కులు కోర్స్‌వర్క్‌వి, కొత్త పద్ధతిలో 30 శాతం. ప్రశ్నలు ఏటా మారతాయి, ఎవరి పని వాళ్లే చేయాలి, గ్రూపు మార్కులు లేవు. న్యాయంగానే అనిపిస్తుంది, నలుగురిలో ఒకడు నిద్రపోయి మార్కులు కొట్టేసే బాధ తప్పింది. కానీ సినిమా ఒక్కడు తీసేది కాదు. ఒకే రాని సినిమాని నలుగురూ కలిసి ఊహించాలి అన్న తలనొప్పే అందులో సగం చదువు. అది పోవడం నాకు నచ్చలేదు.

మన వైపు చూస్తే, సరిగ్గా అదే 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చింది. స్టిల్ కెమెరాతో ఫుల్ హెచ్‌డీ వీడియో. తర్వాత కొన్నేళ్లకే తెలుగు యూట్యూబ్‌లో షార్ట్ ఫిల్ముల వరద. ఎవరూ హోంవర్క్ ఇవ్వలేదు, మార్కులు లేవు, అయినా ఇంజనీరింగ్ కాలేజీల్లో అటెండెన్స్ పోగొట్టుకుని మరీ తీశారు. అందులోంచే సుజీత్ 2014లో రన్ రాజా రన్‌కి వచ్చాడు, సైన్మా తీసిన తరుణ్ భాస్కర్ 2016లో పెళ్ళి చూపులుకి వచ్చాడు. పెద్ద తెరకి రానివాళ్ల వీడియోలు ఇప్పటికీ ఉన్నాయి, నాలుగు వేల వ్యూస్‌తో. కానీ ఆ షాట్ ఎందుకు అలా పెట్టారు, రెండో రోజు ప్లాన్ ఎందుకు మారింది అన్న కాగితం మాత్రం ఎక్కడా దొరకదు. మీలో ఎవరి దగ్గరైనా పాత షాట్ లిస్టో, స్టోరీబోర్డో, తిట్లతో నిండిన వాట్సాప్ గ్రూపో ఉంటే పారేయకండి, నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్ వాటితోనే చేద్దామని ఉంది.